‘పాకీజా’ డీవీడీ: రైలు కూత వినిపించే ఇంట్లో చూసిన సినిమా

కమాల్ అమ్రోహీ తీసిన హిందీ చిత్రం ‘పాకీజా’ను నేను మూడుసార్లు కొన్నాను. మొదట పాటల క్యాసెట్టు, ఆ తరవాత రెండు వీసీడీల పెట్టె, చివరికి పూర్తి వెడల్పు బొమ్మతో ఉన్న డీవీడీ. ఈ సమీక్ష ఆ చివరిదాని గురించి. కొనదలచిన వారి కోసం నా అభిప్రాయం ముందే చెబుతాను. బొమ్మ కోసం, ధ్వని కోసం ఈ డిస్కు తప్పక కొనదగినది. సబ్‌టైటిల్స్ మీద నమ్మకంతో మాత్రం కొనవద్దు. ఉర్దూ రాని తెలుగు ఇంట్లో ఈ సినిమాను ఎలా చూసి అర్థం చేసుకోవచ్చో మా అనుభవాన్ని బట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

మా ఇల్లు కొవ్వూరులో. రాత్రి పదకొండు దాటి ఊరు సద్దుమణిగాక గోదావరి వంతెన మీద బండి చేసే మోత, దాని వెనక కూత మా డాబా మీదికి స్పష్టంగా వినిపిస్తాయి. చిన్నప్పటి నుంచి వింటున్నదే కనుక మేము దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోము. ఈ సినిమా చూశాక మాత్రం ఆ కూత నాకు మునుపటిలా వినిపించడం లేదు. కథానాయిక సాహిబ్‌జాన్ (మీనా కుమారి) మేడలో పాడుతూ, ఆడుతూ బతికే నర్తకి. ఆమె ప్రతి రాత్రీ ఎక్కడో దూరంగా పోయే బండి కూత విని కిటికీ వైపు తిరుగుతుంది. ఒక బండి తన పట్టాలు విడిచి తన గుండె మీదుగా వెళుతోందని చెలికత్తెతో చెప్పుకుంటుంది. సినిమా అంతటికీ ఆధారశ్రుతి ఆ కూతే. అందువల్ల దీన్ని ఏ డిస్కులో చూసినా మొదట పరీక్షించవలసింది ఆ కూత సంగీతంలో కలిసిపోకుండా, దూరం తెలిసేటట్టు వినిపిస్తోందా లేదా అన్నదే. ఈ డీవీడీలో వినిపిస్తోంది.

నేను అంతకు ముందు కొన్న వీసీడీల సంగతి చెప్పకపోతే ఈ డిస్కు విలువ తెలియదు. రాజమండ్రిలో కొన్న ఆ పెట్టె మీద అందమైన బొమ్మ ఉన్నది కానీ, లోపల సినిమాను పాత టీవీ తెరకు సరిపడేటట్టు రెండు పక్కలా కోసేశారు. ‘పాకీజా’ సినిమాస్కోపు చిత్రం. తెర ఎత్తుకు రెండింతలకు మించిన వెడల్పు కోసం కూర్చిన దృశ్యాలు దీనివి. ‘ఇన్హీ లోగోం నే’ పాటనే తీసుకోండి. మీనా కుమారి ముందు భాగంలో నాట్యం చేస్తుంటుంది. ఆమె వెనక బజారు వీధి సాగిపోతుంటుంది. ఆ వీధికి ఇరుపక్కలా ఉన్న మేడల మీద, దీపాల వెలుగులో, వేరే నర్తకులు వేరే విటుల ఎదుట తిరుగుతూ కనిపిస్తారు. పాటలో ఆమె ఫిర్యాదు చేస్తున్నది వస్త్రాపహరణం గురించి: వీళ్ళే నా పైట లాగేసుకున్నారు, నమ్మకపోతే బట్టలమ్మేవాణ్ణి అడగండి, రంగులద్దేవాణ్ణి అడగండి, సిపాయిని అడగండి అని. ఆ ఫిర్యాదు ఒక్కతెది కాదు, ఆ వీధిలోని ప్రతి మేడదీ అని చెప్పడానికే దర్శకుడు ఆ వెనకటి మేడలను పేర్చాడు. పక్కలు కోసిన వీసీడీలో ఆ మేడలు సగానికి పైగా పోయాయి. మిగిలింది ఒక అందమైన స్త్రీ, ఒక మంచి పాట. నేను ఆ వీసీడీలను రెండేళ్ళు చూసి, ఇది పాటల సినిమా మాత్రమేనని అనుకున్నాను. డీవీడీలో అదే పాటను మొదటిసారి పూర్తి వెడల్పుతో చూసినప్పుడు దూరపు మేడ మీద గిర్రున తిరుగుతున్న ఒక చిన్న ఎర్రని ఆకారాన్ని చూసి, ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. రెండేళ్ళ పాటు నాకు దక్కనిది ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ దృశ్యాలను పట్టిన ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ జర్మనీ దేశస్థుడు. బాంబే టాకీస్ చిత్ర నిర్మాణ సంస్థ రోజుల నుంచీ మన దేశంలోనే పనిచేసిన వాడు. సినిమా పూర్తి కాకుండానే 1967లో చనిపోయాడు. సంగీత దర్శకుడు గులామ్ మొహమ్మద్ కూడా చిత్రం విడుదల చూడలేదు, 1968లో పోయాడు. ఆయన ఎంతోకాలం నౌషాద్‌కు సహాయకుడిగా ఉన్నవాడు కావడం వల్ల, మిగిలిన నేపథ్య సంగీతాన్ని నౌషాదే పూర్తి చేశాడు. 1956లో మొదలైన చిత్రం 1972 ఫిబ్రవరి 4న విడుదలైంది. మధ్యలో, భార్యాభర్తలైన దర్శకుడూ నాయికా విడిపోయారు, చిత్రీకరణ ఏళ్ళ తరబడి ఆగిపోయింది, 1969లో తిరిగి మొదలైంది. నలుపు తెలుపుల్లో ఆరంభించిన దాన్ని రంగుల్లోకి, ఆపైన సినిమాస్కోపులోకి మార్చుకుంటూ వెళ్ళారు. మా వైపు ఏళ్ళ తరబడి సాగే పనిని చూసి ‘గోదావరి వంతెన కట్టినట్టు’ అని ఎవరైనా అనవచ్చు గాని, హేవ్‌లాక్ వంతెనకైనా అంతకాలం పట్టలేదు.

ఇక విజయం సంగతి. ‘పాకీజా’ ఆడిందంటే మీనా కుమారి చనిపోవడం వల్లనే ఆడిందని సినిమా ప్రియుల్లో స్థిరపడిపోయిన మాట ఒకటి ఉన్నది. తారీఖులు ఆ మాటను కొంతవరకు సమర్థిస్తాయి. విడుదలైన తొలి రోజుల్లో చిత్రానికి గొప్ప ఆదరణ రాలేదని చాలామంది అంటారు. కొందరు విమర్శకులు దీన్ని కాలం చెల్లిన కథగా చూశారు. మార్చి 31న, విడుదలై రెండు నెలలైనా నిండకముందే, కాలేయ వ్యాధితో మీనా కుమారి కన్నుమూసింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు కూడా లేవు. ఆ వార్త తరవాత జనం థియేటర్లకు పోటెత్తారు, ఆ ఏటి పెద్ద విజయాల్లో ఇదీ ఒకటైంది. ఇంతవరకు ఆ మాటలో కొంత బలం ఉన్నది. అయితే సానుభూతి జనాన్ని ఒకసారి థియేటరు దాకా తీసుకురాగలదు గాని, రెండోసారి తీసుకురాలేదు. యాభై ఏళ్ళ తరవాత కొవ్వూరులో ఒక ఇంట్లో ఉర్దూ తెలియని వారి చేత అదే పాటను వెనక్కి తిప్పించి చూపించలేదు. మరణం వల్ల జనం వచ్చారు, సినిమా వల్ల నిలిచారు. ఈ రెంటినీ కలిపి ఒకటే చేసి మాట్లాడడం ఆ పదహారేళ్ళ పనికి అన్యాయం చేయడమేనని నా నమ్మకం.

బహుమతుల విషయంలోనూ దీనికి న్యాయం జరగలేదు. ఫిల్మ్‌ఫేర్ పురస్కారాల్లో దీనికి దక్కింది కళా దర్శకత్వానికి ఒక్కటే. సంగీత పురస్కారం ‘బే-ఇమాన్’ చిత్రానికి వెళ్ళినప్పుడు, అదే చిత్రంలో సహాయ నటుడిగా తనకు వచ్చిన పురస్కారాన్ని నటుడు ప్రాణ్ వద్దన్నాడు. గులామ్ మొహమ్మద్‌కు రావలసింది రాలేదన్నదే ఆయన కారణం. తన సొంత చిత్రానికి వచ్చిన గౌరవాన్ని, చనిపోయిన ఒక సంగీతకారుడి కోసం కాదనుకున్న మనిషి అంటే నాకు అపారమైన గౌరవం.

సబ్‌టైటిల్స్ గురించి. ఈ డిస్కులో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రమే ఉన్నాయి. పాటలకు అవి కూడా లేవు. ఈ సినిమాలో పాటలకు అర్థం ఇవ్వకపోవడమంటే కథలో మూడో వంతు దాచిపెట్టడమే. మజ్రూహ్ సుల్తాన్‌పురీ, కైఫీ ఆజ్మీ, కైఫ్ భోపాలీ వంటి కవులు రాసిన పాటలవి. ‘మౌసమ్ హై ఆషికానా’ను అమ్రోహీయే రాసుకున్నాడు. మాటలకు ఇచ్చిన సబ్‌టైటిల్స్ కూడా తొందరలో చేసిన పనిలాగా ఉన్నాయి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. రైలు పెట్టెలో సాహిబ్‌జాన్ నిద్రపోతుంటుంది. పొరపాటున ఆ పెట్టెలోకి ఎక్కిన కథానాయకుడు సలీం (రాజ్‌కుమార్), ముఖం కాదు, ఆమె పాదాలు చూస్తాడు. ఏమీ మాట్లాడడు. తెల్లవారి ఆమె లేచేసరికి కాలివేళ్ళ మధ్య మడిచిన కాగితం ఉంటుంది. అనుకోకుండా మీ పెట్టెలోకి వచ్చాను, మన్నించండి, మీ పాదాలు చూశాను, చాలా అందమైనవి, వాటిని నేల మీద మోపకండి, మాసిపోతాయి అని దాని సారాంశం. కింద పేరు ఉండదు. ‘ఒక హమ్‌సఫర్’ అని ఉంటుంది. సబ్‌టైటిల్‌లో దానికి ఇంగ్లీషులో తోటి ప్రయాణికుడు అనే అర్థం వచ్చే మాట ఒకటి పెట్టి ఊరుకున్నారు. రిజర్వేషన్ చార్టులో మన పక్క సీటు అతనికి కూడా ఆ మాటే సరిపోతుంది.

మా వీధి మొదట్లో కుట్టు దుకాణం నడిపే పెద్దవయసు సాయిబు గారిని ఈ మాట గురించి అడిగాను. ఆయన మిషను ఆపి, కళ్ళజోడు పైకి జరుపుకొని ఇలా అన్నారు: “సఫర్ అంటే ప్రయాణం అమ్మా. కలిసి నడిచేవాడు హమ్‌సఫర్. మా ఇళ్ళలో భార్యకు భర్త హమ్‌సఫర్, భర్తకు భార్య. రైల్లో ఎక్కినవాడు ఆ మాట రాశాడంటే, దిగిపోనని రాసినట్టు.” ఆ వివరణ విన్న తరవాతే ఆ చీటీ ఆమెను అన్నాళ్ళు ఎందుకు వెంటాడిందో నాకు పూర్తిగా అర్థమైంది. తన పాదాలు నాట్యానికి తప్ప మరి దేనికీ పనికిరావని నమ్మించిన లోకంలో, వాటిని నేల మీద పెట్టవద్దని ఒకడు అన్నాడు, పైగా తనను తాను తోడుగా చెప్పుకున్నాడు. ఆమె ఆ చీటీ దాచుకుంటుంది. రాత్రి కూత వినిపించినప్పుడల్లా అదే ఆమెకు గుర్తుకు వస్తుంది.

ఉర్దూ రానివారు భయపడవలసిన పని లేదు. ఇందులోని మాటలు సగం మనకు తెలిసినవే. హుకుం, హాజరు, ఇనాము, దర్జా, రుమాలు, మంజూరు, జవాబు, రాజీ, ఖర్చు, బజారు ఇవన్నీ మనం రోజూ వాడేవి. సాయిబు గారు చెప్పిన నాలుగైదు మాటలు కాగితం మీద రాసుకొని, సబ్‌టైటిల్స్ తీసేసి రెండోసారి చూశాము. ఆ రెండోసారే సినిమా మాకు దగ్గరైంది. కళ్ళు కింది అక్షరాల మీద లేకపోవడం వల్ల చేతులు, కనుబొమలు, పరదాలు, దీపాలు కనిపించాయి.

‘చల్తే చల్తే’ పాట దగ్గర మా అమ్మ చెప్పిన సంగతిని ఈ సమీక్షలో చేర్చకుండా ఉండలేను. అమ్మకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు. పుట్టిల్లు కోనసీమలో. హిందీ గాని ఉర్దూ గాని ఆమెకు ఒక్క ముక్క రాదు. ఆ పాటలో మీనా కుమారి చాలాసేపు నేల మీద కూర్చునే ఉంటుంది. ముందు నీళ్ళ ఫౌంటెన్, చుట్టూ షాండ్లియర్ దీపాలు. ఆమె లేచి గంతులు వేయదు. దారిలో నడుస్తూ నడుస్తూ ఎవరో కలిశారు అన్న ఒక్క మాటను పట్టుకొని, ఒకసారి చేతితో, ఒకసారి చూపుతో, ఒకసారి తల పక్కకు వాల్చి, మళ్ళీ మళ్ళీ చెబుతుంది. అమ్మ రిమోటు అందుకొని ఆపి, “ఇది మన మేళాల పద్ధతే కదే. మా చిన్నప్పుడు పెళ్ళిలో ఒకావిడ ఇలాగే కూర్చుని పదం పట్టింది. ఒక్క మాటకి ఎన్ని రకాలుగా చేతులు తిప్పిందో. మగవాళ్ళంతా ముందు వరసలో, మేము కిటికీ ఊచల వెనక” అంది.

గోదావరి జిల్లాల్లో, పాట, నాట్యం తరతరాల వృత్తిగా సాగించిన కళావంతుల మేళాలకు ఎంత పేరుండేదో పాతతరం వారికి తెలుసు. పెద్దాపురం, మురమండ, ముమ్మిడివరం వంటి ఊళ్ళ పేర్లు ఆ కళతోనే వినిపించేవి. క్షేత్రయ్య పదాలు, జావళీలు, కూర్చుని పట్టే అభినయం వారి సొత్తు. ఏ కలవారి ఇంట పెళ్ళి జరిగినా మేళం రావలసిందే, ఆ మేళం స్త్రీలకు మాత్రం పెళ్ళి జరగకూడదు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను చట్టంతో నిషేధించింది. అన్యాయమైన కట్టుబాటు పోవలసిందే, పోయింది. కాని దానితో పాటు ఆ స్త్రీలు తరతరాలుగా కాపాడిన విద్యకు కూడా చోటు లేకుండా పోయింది. పాటను మెచ్చుకున్న పెద్దమనుషులు ఆ తరవాత వారి గడప తొక్కలేదు.

‘పాకీజా’ కథ కూడా ఇదే. సలీం ఆమెను పెళ్ళాడి ‘పాకీజా’, అంటే పవిత్రురాలు, అని పేరు పెట్టబోతే ఆమె ఆ పేరు మోయలేక పారిపోతుంది. తరవాత అదే సలీం పెళ్ళికి ఆమెకు పిలుపు వస్తుంది, నాట్యం చేయడానికి. ‘తీర్-ఎ-నజర్’ పాటలో పగిలిన గాజు మీద ఆడుతుంది. తెల్లటి పరుపు మీద నెత్తుటి అడుగులు పడతాయి. నేల మీద పెట్టవద్దని ఒకడు రాసిన పాదాలు అవే. అమ్మ ఆ దృశ్యం చూడలేక లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొంతసేపటికి తిరిగి వచ్చి, “ఆ పెళ్ళిలో పదం పట్టినావిడకి భోజనం ఎక్కడ పెట్టారో నాకు గుర్తు లేదు” అని మాత్రం అంది.

లోపాలు కూడా చెప్పాలి. చిత్రీకరణ అన్నేళ్ళు సాగడం వల్ల మీనా కుమారి ముఖం ఒక దృశ్యంలో నిండుగా, మరుసటి దృశ్యంలోనే పీల్చుకుపోయి కనిపిస్తుంది. చివరి రోజుల్లో ఆమె నిలబడలేని స్థితిలో ఉన్నందున కొన్ని నాట్య భాగాలకు ఆమె బదులు నటి పద్మా ఖన్నాను పెట్టారు. ‘చలో దిల్‌దార్ చలో’లో నాయిక ముఖాన్ని దాదాపు దాచే చిత్రించారు. ఒకసారి తెలిశాక అది కంటికి పట్టక మానదు. ఏనుగులు పడవను ధ్వంసం చేయడం, ఆ పడవ కొట్టుకుపోయి సరిగ్గా సలీం గుడారం దగ్గరకే చేరడం తొందరలో అల్లినట్టున్నాయి. రాజ్‌కుమార్ గొంతు గంభీరమైనదే కాని, సలీం పాత్రకు చీటీ రాసినంత అందం తరవాత దక్కలేదు. సాహిబ్‌జాన్ తండ్రి షహాబుద్దీన్‌గా అశోక్ కుమార్, ఆమెను పెంచిన, తల్లి తోబుట్టువైన నవాబ్‌జాన్‌గా వీణ మాత్రం తక్కువ మాటలతో ఎక్కువ భారం మోశారు.

డిస్కు ముద్రణలో రంగులు మొత్తం మీద బాగున్నాయి. ఎరుపు, బంగారు రంగులు చెదరలేదు. మొదటి రీలులో కొన్ని గీతలు, శ్మశాన దృశ్యంలో కొంత మసక ఉన్నాయి. ధ్వనిలో లతా మంగేష్కర్ గొంతు, సారంగి, తబలా విడివిడిగా వినిపిస్తాయి. మాటల ధ్వని మాత్రం పాటల కన్నా తక్కువగా ఉండి, ప్రతిసారీ రిమోటుతో పెంచి తగ్గించవలసి వచ్చింది. ‘చల్తే చల్తే’ చివర సంగీతం ఆగి రైలు కూత మిగిలే చోట మీ టీవీ స్పీకరు సరిపోదు. హెడ్‌ఫోన్ గాని, వేరే స్పీకర్లు గాని పెట్టుకోండి. పెట్టెలో పాటల పుస్తకం ఇచ్చి, ఉర్దూ మాటలకు అర్థాలు ప్రాంతీయ భాషల్లో అచ్చువేసి ఉంటే, నాలాంటి వారు ఎంతో సంతోషంగా మరో వంద రూపాయలు ఇచ్చేవారు.

నేను దీన్ని 299 రూపాయలకు కొన్నాను. కొనేముందు పెట్టె వెనక వైపు చూసి, వైడ్‌స్క్రీన్ అని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. లేదంటే దుకాణంలోనే పెట్టించి, ‘ఇన్హీ లోగోం నే’ పాట తెరిచి, నాయిక వెనక రెండు పక్కలా మేడలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. తెర కింద, పైన నల్లటి పట్టీలు కనిపిస్తే అది లోపం కాదు, బొమ్మ పూర్తిగా ఉన్నదని గుర్తు. మా డిస్కు ఇప్పుడు సాయిబు గారి ఇంట్లో ఉంది. వారి ఇంట్లో అందరూ చూశాక తిరిగి ఇస్తానన్నారు. ఈలోగా అమ్మ రెండుసార్లు అడిగింది.